స్నోఫ్లేక్ సర్వర్ల డైరీ: హనుమకొండలో నాలుగున్నర నెలలు, నాలుగు మిషన్లు

టార్ అంటే ఎవరు ఏ సైటు చూస్తున్నారో దాచే నెట్‌వర్క్. దానికి స్నోఫ్లేక్ ప్రాక్సీలు, అంటే టార్‌కు అడ్డు ఉన్నచోటి వాళ్లను అక్కడిదాకా చేర్చే మధ్యవర్తి మిషన్లు, నడుపుతూ రాసుకున్న లెక్కలు ఇవి. ఒక మిషన్‌తో మొదలుపెట్టి, లోడు పంచడానికి ఇంకోటి, ఇంకోటి కలుపుతూ పోయాను. కలిపిన ప్రతిసారీ మొదట ఏదో ఒకటి చెడింది. అదే పని మీరూ చేయబోతుంటే, కనీసం నేను చేసిన తప్పులు వదిలేసి కొత్తవి చేయండి.

పని సంగతి రెండు మాటల్లో. టార్‌ను అడ్డుకునే దేశంలో ఉన్న మనిషి నేరుగా టార్‌లోకి వెళ్లలేడు. అతని బ్రౌజర్ ముందుగా బ్రోకర్‌ను (ఎవరికి ఏ ప్రాక్సీ అని జత కలిపే సర్వర్) అడుగుతుంది, బ్రోకర్ నాలాంటి వాలంటీర్ ప్రాక్సీని చూపిస్తుంది. అతని నుంచి నా దాకా వెబ్‌ఆర్‌టీసీ, బ్రౌజర్లలో వీడియో కాల్స్‌కు వాడే పద్ధతి. బయటికి వీడియో కాల్‌లాగా కనిపిస్తుంది. నా నుంచి టార్ వాళ్ల స్నోఫ్లేక్ బ్రిడ్జ్ (టార్‌లోకి వెళ్లే తలుపు లాంటి సర్వర్) దాకా వెబ్‌సాకెట్ అనే వెబ్ కనెక్షన్. అతను చివరికి ఏ సైటుకు వెళ్లాడో నాకు తెలియదు, ఆ సైటుకు నా ఐపీ కనపడదు. ఎగ్జిట్ నోడ్ (టార్ నుంచి సైటుకు వెళ్లే చివరి మిషన్, సైటుకు కనిపించే ఐపీ దానిదే) నడపడం వేరు, ఇది వేరు. ఇంట్లో ధైర్యంగా పెట్టడానికి కారణం ఇదే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇంటర్నెట్ మొత్తానికే బంద్ పెట్టిన చోట ఇది ఎందుకూ పనికిరాదు. వైరు ఉండి, తలుపులు మూసినచోటే దీని పని.

దశ 1: ఒక్క మిషన్, ఇంటి కనెక్షన్ (జనవరి 19 – ఫిబ్రవరి 20, 2025)

కింద నా రిపేర్ షాపు, పైన ఇల్లు, రెండింటికీ ఒకటే ఫైబర్ కనెక్షన్. కొలిస్తే డౌన్‌లోడ్ 96 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20. షాపులో మూలకు పడి ఉన్న రెండో తరం ఐ3 డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, డెబియన్ 12 లినక్స్.

డెబియన్ 12లో వచ్చే స్నోఫ్లేక్ పాకేజీ పాతది, కాబట్టి సోర్స్ నుంచి కట్టుకుందామనుకున్నాను. అక్కడే మొదటి దెబ్బ: డెబియన్ 12తో వచ్చే గో (స్నోఫ్లేక్ రాసిన భాష) కంపైలర్ 1.19, కొత్త స్నోఫ్లేక్‌కు అది చాలదు. ఎర్రర్ చదవకుండా గంటన్నర వేరేవన్నీ మార్చి చూశాను. చేయాల్సింది ఇంతే:

1. బ్యాక్‌పోర్ట్స్ (పాత డెబియన్‌కు కొత్త ప్రోగ్రామ్‌లు దొరికే చోటు) నుంచి కొత్త గో తెచ్చుకోండి.
2. సోర్స్‌లో ప్రాక్సీ ఫోల్డర్‌లోకి వెళ్లి బిల్డ్ చేయండి.
3. ప్రత్యేక యూజర్ పేరుతో సిస్టమ్‌డీ సర్వీసుగా (మిషన్ లేవగానే తనంతట తానే మొదలయ్యేలా) పెట్టండి. రూట్ (అడ్మిన్) అవసరం లేదు.
4. లాగ్ ఫైలు చూడండి. గంటకోసారి ఒక లైన్ పడుతుంది: ఎన్ని కనెక్షన్లు పూర్తయ్యాయి, ఎంత డేటా అటు ఇటు పోయింది. ఈ డైరీలో లెక్కలన్నీ ఆ లైన్లు కూడినవే.

14 రోజులు నడిచింది. 96 కనెక్షన్లు, 1.9 జీబీ. గంటకు ఒక్కటి కూడా పడటం లేదు. ప్రోగ్రామ్ బాగానే ఉంది, సీపీయూ ఖాళీగా ఉంది. లాగ్ మొదట్లో ఉన్న ఒక లైన్ మీద నేను రెండు వారాలు దృష్టి పెట్టలేదు: న్యాట్ టైప్, రిస్ట్రిక్టెడ్. న్యాట్ అంటే ఒకే ఐపీని చాలా మిషన్లకు పంచే ఏర్పాటు; రిస్ట్రిక్టెడ్ అంటే బయటి నుంచి లోపలికి రావడం కష్టమని.

రూటర్ పేజీ తెరిచి వాన్ ఐపీ (కంపెనీ నా రూటర్‌కు ఇచ్చింది) చూస్తే 100తో మొదలైంది, తర్వాతి అంకె డెబ్బైల్లో ఉంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న గుంపు ఇంటర్నెట్ కంపెనీలు లోపల పంచుకునే ఐపీలది. అంటే నా రూటర్ పైన కంపెనీ వాళ్ల న్యాట్ ఇంకోటి ఉంది. రెండు తలుపులు దాటి ఎవరూ నేరుగా లోపలికి రాలేరు. బ్రోకర్ కూడా దీన్ని చూసే పంచుతుంది: కఠినమైన న్యాట్ వెనుక ఇరుక్కున్న క్లయింట్లకు అన్‌రిస్ట్రిక్టెడ్ ప్రాక్సీలే ఇవ్వాలి, కాబట్టి నాలాంటి రిస్ట్రిక్టెడ్ వాళ్లకు మిగిలిన కొద్దిమందే వస్తారు.

కనెక్షన్ ఇచ్చినతనికి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ కావాలన్నాను.

"ఎందుకన్నా, సీసీ కెమెరాలకా?"

"ఔ, అట్లనే అనుకో."

నెలకు రూ. 200 ఎక్కువ. ఐపీ మారింది కానీ లాగ్‌లో ఇంకా రిస్ట్రిక్టెడ్ అనే ఉంది. ప్రాక్సీ న్యాట్‌ను 24 గంటలకోసారే మళ్లీ పరీక్షిస్తుంది. సర్వీసు రీస్టార్ట్ చేయాలి. చేస్తే అన్‌రిస్ట్రిక్టెడ్ వచ్చింది. ఆ రాత్రే గంటకు 30 కనెక్షన్లు దాటాయి.

ఫిబ్రవరి 2 నుంచి 20 దాకా 19 రోజులు, రోజుకు సగటున 38 జీబీ, కలిపి 722 జీబీ.

ఇప్పటిదాకా మొత్తం: 724 జీబీ. ఖర్చు రూ. 200 (కరెంటు చివర్లో కలుపుతాను).

దశ 2: అదే ఇంట్లో రెండో మిషన్ (ఫిబ్రవరి 21 – మార్చి 3)

ఒకటి 38 ఇస్తే రెండు 76 ఇస్తాయనుకున్నాను. రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే కంప్యూటర్, ఇకముందు పై అంటే ఇదే), 2 జీబీ ర్యామ్‌ది, అదే రూటర్‌కు తగిలించాను.

రెండూ కలిసి రోజుకు 44 ఇచ్చాయి. డెస్క్‌టాప్ 23కు పడిపోయింది, పై 21 చేసింది.

కారణం వెతకడానికి మూడు కొలతలు తీసుకున్నాను. రాత్రి 9 నుంచి 12 మధ్య అప్‌లోడ్ 18 ఎంబీపీఎస్ దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోతోంది. అదే సమయంలో పింగ్ (అడిగి జవాబు రావడానికి పట్టే సమయం) 9 మిల్లీసెకన్ల నుంచి 340కి. రూటర్ పేజీలో సెషన్ల (తెరిచి ఉన్న కనెక్షన్ల) సంఖ్య 4096 చేరి అక్కడే నిలబడింది, ఆ తర్వాత కొత్తది దేన్నీ రానివ్వడం లేదు. ఈ మూడింట్లో ఏదీ డెస్క్‌టాప్ బలహీనత కాదు. మా దగ్గర చెరువు సంగతి తెలిసిన ఏ రైతైనా మొదటి రోజే చెప్పేవాడు: ఉన్న కాలువ ఒకటే అయినప్పుడు రెండో తూము తీసి ఏం లాభం?

ఇంట్లో లొల్లి ముందే మొదలైంది. పైనుంచి అమ్మ: "టీవీల చక్రం తిరుగుతనే ఉన్నది, ఏం జేసినవ్ రా?" కింద షాపులో గిరాకీ వచ్చినాయన ఫోన్ పట్టుకుని: "పైసలు పోతలేవన్నా, స్కాన్ జేస్తె తిరుగుడే తిరుగుడు." రోజుకు రెండుసార్లు రూటర్ ఆపి వేస్తున్నాను. 44లో కొంత ఆ ఆపడంలోనే పోయి ఉంటుంది.

నెల కోటా లెక్క కూడా అప్పుడే చేశాను. ప్రాక్సీ గుండా పోయే ప్రతి బైట్ మన లైన్ మీదికి ఒకసారి వస్తుంది, ఇంకోసారి పోతుంది. లాగ్‌లో 44 అంటే కంపెనీ మీటర్‌లో 88. నెలకు 2640. నా ప్లాన్‌లో 3300 జీబీ దాటితే స్పీడు తగ్గిస్తారు, ఇంటి వాడకం 300 దాకా ఉంటుంది. అంచు మీద ఉన్నాను. "అన్‌లిమిటెడ్" అని రాసి ఉన్న ప్లాన్‌లో కూడా ఈ అంకె ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి.

మార్చినవి:

1. పై తీసేశాను.
2. డెస్క్‌టాప్‌లో కెపాసిటీ ఆప్షన్ 40 పెట్టాను. ఏమీ ఇవ్వకపోతే ఎంతమంది వచ్చినా తీసుకుంటుంది.
3. బయటికి పోయే డేటాకు టీసీతో (లినక్స్‌లో డేటా వేగాన్ని అదుపు చేసే పనిముట్టు) కేక్ అనే క్యూ పెట్టి 12 ఎంబీపీఎస్‌కు కట్టేశాను. పింగ్ 14 దాటలేదు.

ఆ తర్వాత రోజుకు 30 జీబీ. 38 కంటే తక్కువే. అమ్మ టీవీ నడుస్తోంది, నేను నెలల తరబడి దీన్ని నడపగలను. నా దృష్టిలో ఇది లాభం.

ఇప్పటిదాకా మొత్తం: 1208 జీబీ. ఖర్చు రూ. 400.

దశ 3: అద్దె సర్వర్ (మార్చి 4 – 31)

కాలువ వేరే కావాలి. యూరప్‌లో ఒక వీపీఎస్ తీసుకున్నాను: 1 కోర్, 1 జీబీ ర్యామ్, నెలకు 1 టీబీ, రూ. 450. పేరు దాచుకునే ఉద్దేశం లేదు. ఇక్కడి వీపీఎస్, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశమిచ్చింది, అది తెలుసు. నేను బయటికి పోయింది కేవలం బ్యాండ్‌విడ్త్ ధర చూసి.

మొదటి మూడు రోజులు 0.7 జీబీ. పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్‌లో మళ్లీ రిస్ట్రిక్టెడ్! ఈసారి రెండు వారాలు కాలేదు, మొదట ఆ లైనే చూశాను. తప్పు డాకర్‌లో (ప్రోగ్రామ్‌ను విడి డబ్బాలో పెట్టి నడిపే పద్ధతి). మామూలుగా పెడితే డాకర్ తన సొంత బ్రిడ్జ్ నెట్‌వర్క్ వేసుకుంటుంది, అదే ఒక న్యాట్. నెట్‌వర్క్‌ను హోస్ట్ అని ఇచ్చాను, సరిపోయింది. తర్వాత డాకర్ తీసేసి నేరుగా సర్వీసుగానే పెట్టాను, 1 జీబీ ర్యామ్‌లో అది కూడా ఒక బరువే.

మార్చి 9 రాత్రి కనెక్షన్లు 400 దాటాయి. ర్యామ్ అయిపోయి కెర్నెల్ ప్రాక్సీని చంపేసింది. సిస్టమ్‌డీ మళ్లీ లేపింది, మళ్లీ చచ్చింది, తెల్లారేసరికి ఆరుసార్లు.

ఇలా ప్రాక్సీ చచ్చినప్పుడు అవతల మనిషికి ఏమవుతుందన్నది నాకు ముందు గుబులుగా ఉండేది. స్నోఫ్లేక్ దీన్ని ఊహించే కట్టారు. క్లయింట్‌కూ బ్రిడ్జ్‌కూ మధ్య సెషన్ గుర్తుండే పొర ఒకటి ఉంది, టర్బో టన్నెల్ అంటారు. మధ్యలో ప్రాక్సీ మాయమైతే క్లయింట్ ఇంకోటి వెతుక్కుని అదే సెషన్ కొనసాగిస్తాడు. కాసేపు ఆగుతుంది, తెగదు. మంచు తునకల్లా కాసేపుండి కరిగిపోయేవి, ఆ పేరుకు అదీ ఒక కారణం. మంచు ఎన్నడూ పడని వరంగల్‌లో కూర్చుని ఆ తునకలు తయారుచేయడం నాకు మొదటి నుంచీ నవ్వు తెప్పిస్తుంది.

అసలు సమస్య ర్యామ్ కాదు, కోటా. మార్చి 7 నుంచి 15 దాకా 9 రోజుల్లో 410 జీబీ అయిపోయింది. నా వీపీఎస్ కంపెనీ బయటికి పోయే డేటానే లెక్కిస్తుంది, అయినా ఆ వేగంతో నెలాఖరు ముందే ఆగిపోతుంది. లెక్క వేసుకోండి: 1000 జీబీని 30 రోజులకు పంచితే రోజుకు 33. సెకనుకు చూస్తే సగటున 3 ఎంబీపీఎస్. ఒక టీబీ అంటే చెప్పుకోవడానికి పెద్దదే, 24 గంటలూ తెరిచి ఉంచే పనికి అది సన్నటి ధార.

నా కొలతలో సగటున 110 మంది ఉన్నప్పుడు రోజుకు 45 జీబీ పైచిలుకు పోయింది. మిగిలిన 590 జీబీ 19 రోజులకు రావాలంటే రోజుకు 31. కెపాసిటీ 80 పెట్టాను, రోజుకు 30 వచ్చింది. ర్యామ్ సమస్య కూడా దానితోనే పోయింది.

మార్చి 4 – 31: వీపీఎస్ 891, డెస్క్‌టాప్ 840.
ఇప్పటిదాకా మొత్తం: 2939 జీబీ. ఖర్చు రూ. 850.

దశ 3.5: పనికిరాని పని (ఏప్రిల్ 5 – 7)

ఇది రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. రాస్తున్నాను, ఎందుకంటే ఎక్కువ నేర్చుకుంది ఇక్కడే.

2021 డిసెంబర్‌లో రష్యా టార్‌ను అడ్డుకున్నాక స్నోఫ్లేక్ వాడేవాళ్లు పెరిగిపోయి, అప్పటికి ఒక్కటే ఉన్న బ్రిడ్జ్ ఉక్కిరిబిక్కిరైంది. బ్యాండ్‌విడ్త్ ఉంది, ర్యామ్ ఉంది, కోర్లున్నాయి. కానీ టార్ ప్రోగ్రామ్ ప్రధాన పనంతా ఒక్క కోర్ మీదే చేస్తుంది, ఆ ఒక్క కోర్ 100 శాతం కొట్టింది. 2022 జనవరిలో వాళ్లు ఒకే మిషన్‌లో నాలుగు టార్‌లు నడిపి ముందు హెచ్‌ఏప్రాక్సీ అనే లోడు పంచే ప్రోగ్రామ్‌తో పంచారు. ఇది అంత తేలిక కాదు. నాలుగింటికీ ఒకటే ఐడెంటిటీ కీ (బ్రిడ్జ్ గుర్తింపు) ఉండాలి, లేకపోతే క్లయింట్ తాను వెతికిన ఫింగర్‌ప్రింట్ (ఆ కీ గుర్తు) ఇది కాదని తిప్పి పంపుతాడు. ఆనియన్ కీలు (కనెక్షన్లను గుప్తం చేయడానికి వాడేవి) కొన్నాళ్లకోసారి వాటంతటవే మారతాయి, నాలుగూ నాలుగు రకాలుగా మారితే చెడుతుంది, కాబట్టి ఆ మార్పును ఆపాలి. పైగా ప్రతి టార్ తన ఎక్స్‌టెండెడ్ ఓఆర్ పోర్టుకు (స్నోఫ్లేక్ నుంచి కనెక్షన్లు తీసుకునే చోటు) వేరే కుకీ (రహస్య గుర్తు) తయారుచేసుకుంటుంది; మధ్యలో ఒకే కుకీ చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి విడిగా రాశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇరాన్ ఆందోళనలతో మళ్లీ వరద వచ్చింది. తర్వాత రెండో బ్రిడ్జ్ కూడా చేరింది.

ఇదంతా చదివాక నాకు చేతులు ఊరుకోలేదు. వీపీఎస్‌లో ఒక ఓబీఎఫ్‌ఎస్4 బ్రిడ్జ్ (టార్ ట్రాఫిక్‌ను గుర్తుపట్టకుండా మార్చే రహస్య బ్రిడ్జ్) పెట్టి, దాని వెనుక నాలుగు టార్‌లు, ముందు హెచ్‌ఏప్రాక్సీ కట్టాను. రెండు రాత్రులు. అన్నీ కలిశాయి, కుకీ కూడా కలిసింది. అప్పుడు ప్రాక్సీ చచ్చిపోయింది: నాలుగు టార్‌లకు 700 ఎంబీ ర్యామ్ పోయింది. చూస్తే సీపీయూ 88 శాతం ఖాళీ. అదీగాక, ఆ వీపీఎస్‌లో కోర్ ఒక్కటే. ఒక్క కోర్ మీద నాలుగు టార్‌లు కూర్చోబెట్టాను! పక్కింటాయన జ్వరానికి నేను గోలీ మింగినట్టయింది.

మేనల్లుడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్. ఫోన్‌లో అంతా విని ఒక ప్రశ్న అడిగాడు: "మామా, స్నోఫ్లేక్ ఐపీలు ఎవరైనా క్లయింట్‌లాగ వచ్చి ఏరుకోవచ్చు కదా. గదే ఐపీ మీద దాచిపెట్టాల్సిన బ్రిడ్జ్ ఎట్ల పెట్టినవ్?"

నిజమే. ఓబీఎఫ్‌ఎస్4 బ్రిడ్జ్ విలువంతా దాని ఐపీ అడ్డుకునేవాళ్లకు తెలియకపోవడంలోనే ఉంది. స్నోఫ్లేక్ ప్రాక్సీ ఐపీ తెలిసినా పెద్ద నష్టం లేదు, అలాంటివి వేలల్లో మారుతూ ఉంటాయి. రెండింటినీ ఒకే ఐపీ మీద పెడితే మొదటిదాని విలువ పోతుంది. అన్నీ పీకేశాను. ఓబీఎఫ్‌ఎస్4 పెట్టేవాళ్లు వేరే ఐపీ మీద, 9001 (టార్ మామూలుగా వాడేది) కాని పోర్టు మీద పెట్టండి. 1024 కంటే తక్కువ పోర్టు తీసుకుంటే సెట్‌క్యాప్‌తో అనుమతి ఇవ్వడమే కాదు, టార్ సర్వీసు ఫైల్‌లో నో న్యూ ప్రివిలేజెస్ అనే సెట్టింగ్‌ను నో చేయాలి.

దశ 4: కాజీపేట (ఏప్రిల్ 13 – మే 31)

బాబాయి కొడుకు కాజీపేటలో ఉంటాడు, వాళ్లది వేరే కంపెనీ కనెక్షన్. ఈసారి మిషన్ తీసుకుపోకముందే ఫోన్‌లోనే నాలుగు అడిగాను:

1. రూటర్ పేజీలో వాన్ ఐపీ ఎంత? (100.64 – 100.127 కాదు, సరే.)
2. అప్‌లోడ్ ఎంత? (38 ఎంబీపీఎస్.)
3. నెల కోటా? (3300.)
4. ఇంట్లో ఎవరికైనా అభ్యంతరమా? ("వదినకు చెప్పకన్నా" అన్నాడు. చెప్పే పెట్టించాను.)

పై, కెపాసిటీ 30, కేక్ 10 ఎంబీపీఎస్. మొదటి రోజు నుంచే నడిచింది. ఏప్రిల్‌లో 18 రోజులు, రోజుకు 18, మొత్తం 324 జీబీ.

ఏప్రిల్: వీపీఎస్ 880, డెస్క్‌టాప్ 870, పై 324.
ఇప్పటిదాకా మొత్తం: 5013 జీబీ. ఖర్చు రూ. 1500.

మే వచ్చింది. పై పెట్టిన గది మీద రేకులు. మధ్యాహ్నం 2 గంటలకు చిప్ వేడి 83 డిగ్రీలు. 80 దాటితే పై తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మూసి ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసేసి అల్యూమినియం హీట్‌సింక్ వేశాం (రూ. 350), గది మార్చి పూజగది పక్క గూట్లో పెట్టాం. వేడి 66కు దిగింది.

తర్వాత కరెంటు. మే 6న గాలివానకు కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది, ఎస్‌డీ కార్డు పాడైంది. కొత్త కార్డు రూ. 550, ఈసారి లాగ్‌లు ర్యామ్‌లోకి మళ్లించి, రోజుకోసారి మాత్రం కార్డు మీద రాసేలా పెట్టాను.

కార్డు మారాక కూడా కొన్ని రోజులు 18 ఉండాల్సింది 2, 3 జీబీ దగ్గరే ఆగేది. అలాంటి రోజులన్నీ కరెంటు పోయిన మర్నాడే. దీన్ని పట్టుకోవడానికి వారం పట్టింది. కరెంటు రాగానే పై 25 సెకన్లలో లేస్తుంది, ఫైబర్ రూటర్ పూర్తిగా లేవడానికి రెండు నిమిషాలకు పైనే. ఇంటర్నెట్ లేకుండా చేసిన న్యాట్ పరీక్షకు జవాబు "అన్‌నోన్". మళ్లీ పరీక్ష 24 గంటల తర్వాత. అంతదాకా బ్రోకర్ దాన్ని రిస్ట్రిక్టెడ్‌లాగే చూస్తుంది. రెండు మార్పులు:

1. సర్వీసు మొదలయ్యేముందు బయటి ఐపీకి పింగ్ తగిలేదాకా ఆగేలా ఒక లైన్.
2. న్యాట్ మళ్లీ పరీక్షించే వ్యవధి 24 గంటల నుంచి 1 గంటకు.

రూటర్‌కు చిన్న యూపీఎస్ కూడా కొన్నాను, రూ. 1300. టర్బో టన్నెల్ సంగతి తెలిశాక అది అవసరమా అంటే, స్నోఫ్లేక్‌కు కాదు. వదిన ఇంటి నుంచి పని చేస్తుంది, ఆమెకు.

హనుమకొండ డెస్క్‌టాప్‌ను మే 10న ఆపేశాను. ప్లగ్‌కు మీటర్ పెట్టి చూస్తే 52 వాట్లు, నెలకు 37 యూనిట్లు. 112 రోజులకు 140 యూనిట్లు, వేసవిలో స్లాబు దాటించింది కూడా అదే. కరెంటు లెక్క రూ. 950. దాని బదులు సెకండ్ హ్యాండ్ మినీ పీసీ రూ. 4200, 11 వాట్లు. అదే కెపాసిటీ, అదే 30 జీబీ. ఈ పని జనవరిలోనే చేయాల్సింది. షాపులో పడి ఉన్నది ఉచితమే అనుకున్నాను.

మే: వీపీఎస్ 930, డెస్క్‌టాప్ 290, మినీ పీసీ 630, పై 410.
ఇప్పటిదాకా మొత్తం: 7273 జీబీ. ఖర్చు రూ. 9500.

జూన్ 2

కరీంనగర్‌లో తెలిసినాయన తన ఇంట్లో కూడా పెడతానన్నాడు. వాన్ ఐపీ అడిగాను. 100.81. ముందు పబ్లిక్ ఐపీ తీసుకోమన్నాను. ఎందుకని అడిగితే సీసీ కెమెరాలకని చెప్పమన్నాను.

జూన్ 4

సాయంత్రం కాజీపేటలో కరెంటు పోయి 11 నిమిషాలకు వచ్చింది. పై 26 సెకన్లలో లేచి, పింగ్ కోసం ఆగింది. న్యాట్ టైప్: అన్‌రిస్ట్రిక్టెడ్. తర్వాతి గంట లైన్‌లో 22 కనెక్షన్లు.